పూర్తిగా విచ్చుకున్నవే పంపండి

ల్యాబ్, మూడో అంతస్తు
జూన్ మొదటి వారం

అక్కా,

క్రేట్ అడుగున పెట్టిన ఈ కాగితం బావ కంటే ముందు నీ చేతికి చిక్కుతుందని ఆశ. ఫోన్ చేస్తే బావ స్పీకర్ పెడతారు. నువ్వు ఒక మాట, బావ నాలుగు మాటలు, వెనక మోటారు మోత. పెట్టేశాక ఎందుకు చేశానో నాకే గుర్తుండదు. వ్యాన్ ఎలాగూ వారం వారం తిరుగుతోంది కదా. నిండు క్రేట్లలో నువ్వు రాయి, ఖాళీ క్రేట్లలో నేను రాస్తాను.

మీ పుట్టగొడుగులతో మేం అసలు ఏం చేస్తున్నామని అడిగావు. పుట్టగొడుగు పైనున్న గొడుగుకి రెండు వైపులా సన్నని తీగలు గుచ్చి కరెంటు పంపుతాం. ముట్టుకున్నా తెలియనంత కొద్దిగా. మామూలు తీగలో కరెంటు నిన్న ఎలా పోయిందో ఇవాళా అలాగే పోతుంది. పుట్టగొడుగులో అలా కాదు. ఇంతకుముందు ఎంత పోయిందన్న దాన్ని బట్టి ఇప్పుడు పోయేది మారుతుంది. పచ్చిక మీద జనం నడిస్తే బాట పడుతుంది, వెనక వచ్చేవాడికి నడక తేలికవుతుంది చూడు, అలా. ఆ బాటే జ్ఞాపకం. బాట ఉంటే ఒకటి, లేకపోతే సున్నా. కంప్యూటర్‌కి కావలసింది ఇంతే. నీడన ఎండబెడితే అవి నిద్రపోతాయి. నీళ్లు చిమ్మితే లేస్తాయి. లేచాక కూడా నేర్చుకున్నది మర్చిపోవు. చిప్ చేయాలంటే గనులు, కొలుములు, పెద్ద ఫ్యాక్టరీ కావాలి. దీనికి రంపపు పొట్టు, నీళ్లు, మీ షెడ్డు చాలు.

ఇప్పుడు అసలు పని. పోయిన వారం క్రేట్లో ముదిరినవి కొన్ని కలిసి వచ్చాయి. గొడుగు పూర్తిగా విచ్చుకుని అంచులు పైకి లేచినవి. పారేయబోయి, సరే చూద్దామని తీగలు గుచ్చాను. మిగతా అన్నిటికంటే అవే బాగా గుర్తుపెట్టుకున్నాయి. ఎందుకో మాకింకా తెలియదు. మా మేడం నా కుర్చీ వెనకే నిలబడి తెర చూస్తూ, "ఇలాంటివే తెప్పించు" అన్నారు.

కాబట్టి ఇకనుంచి పూర్తిగా విచ్చుకున్నవే పంపండి. మేం అన్నీ తీసుకుంటాం.

నీ చెల్లి


షెడ్డు పక్క గది
జూన్ మూడో వారం

చిన్నీ,

కాగితం నాకే చిక్కింది. క్రేట్లు కడిగేది నేనేగా.

మీ బావకి చదివి వినిపించాను. "నాకు కళ్లజోడు ఎక్కడ పెట్టానో గుర్తుండదు, నా షెడ్డులో పెరిగినవి లెక్కలు గుర్తుపెట్టుకుంటాయా?" అన్నారు. "వాటికి పెళ్లాం లేదుగా, వాటంతట అవే గుర్తుపెట్టుకోవాలి" అన్నాను. రోజంతా మాట్లాడలేదు నాతో. సాయంత్రం కళ్లజోడు అడగడానికి మాట్లాడారు.

నువ్వు అడిగింది మాకు కొత్త. ఈ పని మొదలుపెట్టిన నాటి నుంచి విచ్చుకోకముందే కోయడమే తెలుసు మాకు. గొడుగు ఇంకా లోపలికి ముడుచుకుని ఉండగానే తిప్పి తెంపాలి. ఒక్క పూట ఆలస్యమైనా దుకాణం వాళ్లు ముఖం తిప్పుకుంటారు. ఇప్పుడు నువ్వేమో ముదరనివ్వమంటున్నావు. కొన్ని ముందు కోసి, కొన్ని వదిలేస్తే కుదరదు. ఒకే షెడ్డు, ఒకే తడి, ఒకే వేడి. అన్నీ ఒక్కసారే రావాలి. అందుకని దుకాణాలకి ఇవ్వడం ఆపేద్దామన్నారు మీ బావ. "చిన్నది అడిగింది, అయిపోయింది" అన్నారు. నేను కాస్త గొణిగాను. నా గొణుగుడు ఎవరు విన్నారు.

పూర్తిగా విచ్చుకున్నాక అవి చూడ్డానికి బాగున్నాయి, ఆ మాట ఒప్పుకోవాలి. వరస వరసలుగా పళ్లేలు బోర్లించినట్టు.

అన్నం వేళకి తింటున్నావా? లిఫ్ట్ మూడో అంతస్తులో ఆగదన్నావు, బాగుచేశారా?

అక్క


ల్యాబ్, మూడో అంతస్తు
జూలై

అక్కా,

లిఫ్ట్ ఇంకా ఆగడం లేదు. నాలుగుకి వెళ్లి కిందికి దిగుతున్నాం.

మీరు పంపినవి చూసి మేడం కూర్చోలేకపోతున్నారు. ఆవిడ నిలబడితే మేమూ నిలబడాలి. పోయిన నెల పెట్టిన జ్ఞాపకం ఇప్పటికీ చెదరకుండా ఉంది. శరదృతువులో కమిటీ వస్తుంది. ఈ పని కొనసాగాలా, మూసేయాలా అన్నది వాళ్లే తేలుస్తారు. మూసేస్తే మొదట వెళ్లేది నేను. నాది తాత్కాలిక ఉద్యోగమని నీకు తెలుసు. పొద్దున లేవగానే తెర మీద గీత చూస్తే తప్ప కాఫీ దిగడం లేదు. గీత కొంచెం వంగినా తీగలన్నీ మళ్లీ సరిచూస్తున్నాను.

ఒక్క ఇబ్బంది. సగానికి సగం గొడుగుల అంచులు చీలి వస్తున్నాయి. చీలిక ఉంటే కరెంటు అక్కడ ఆగిపోతుంది. గాలి తగిలి ఎండిపోవడం వల్ల కావచ్చని ఇక్కడ అనుకుంటున్నారు. ఏమైనా చేయగలరా? క్రేట్లు కూడా పెంచాలి.

బావకి చెప్పు, ఆయన పుట్టగొడుగు ఒకటి నా పేరు గుర్తుపెట్టుకుంది. నిజంగానే. అక్షరాలు సున్నాలుగా, ఒకట్లుగా మార్చి ఆ గొడుగులో దాచాను. మర్నాడు అడిగితే తప్పు లేకుండా చెప్పింది.

చెల్లి


షెడ్డు పక్క గది
ఆగస్టు

చిన్నీ,

ఫ్యాన్ ఆపేశాం. గాలి బయటికి లాగే పెద్ద ఫ్యానే. అదే తడిని లాగేస్తోందని మీ బావ కనిపెట్టారు. తలుపు సందుల్లో గోనె సంచులు కుక్కాం. ఈ వారం ఒక్కటి కూడా చీలలేదు, చూసుకో.

కానీ ఇంత దుమ్ము ఎప్పుడూ ఎరగను. విచ్చుకున్న గొడుగు కింది నుంచి తెల్లటి పొడి రాలుతుంది. వాటి విత్తనాలే అనుకో. అరల మీద, పైపుల మీద, దీపం మీద, అంతటా పిండి జల్లినట్టు. టార్చి వేస్తే గాలిలో పొగలా తేలుతోంది. మీ బావ బయటికి వస్తే మీసం తెల్లగా ఉంటుంది. "ముసలాడితో కాపురం చేస్తున్నాను" అంటే, "ఇప్పుడు తెలిసిందా?" అంటారు.

ఆయనకి కాస్త దగ్గు. పొద్దున పనిచేసినంతసేపూ బాగానే ఉంటారు, సాయంత్రానికి వణుకు, జ్వరం. తెల్లవారితే ఏమీ ఉండదు. మొన్న వాళ్లన్నయ్య ఇంటికి వెళ్లి నాలుగు రోజులున్నాం. అక్కడ మెట్లన్నీ ఎక్కి దిగారు, దగ్గే లేదు. ఇంటికి వచ్చి షెడ్డులోకి వెళ్లిన రోజే మళ్లీ మొదలు. వానల జలుబేమో.

ఒక మాట అడగనా? సగం విచ్చుకున్నవి పంపితే సరిపోదా? పొడి రాలకముందు?

అక్క


ల్యాబ్, మూడో అంతస్తు
ఆగస్టు చివర

అక్కా,

తొందరలో రాస్తున్నాను, వ్యాన్ డ్రైవర్ కింద హారన్ కొడుతున్నాడు.

సగం విచ్చుకున్నవి పనికిరావు. అవీ పరీక్షించాం. రెండు రోజులకే మర్చిపోతున్నాయి. గ్రాఫు గీసి పెడుతున్నాను చూడు. పై గీత పూర్తిగా విచ్చుకున్నవి, కింద కూలబడిన గీత సగంవి. ఇది చూశాక ఎవరూ సగంవి అడగరు. ఈసారి చీలిక ఒక్కటీ లేదు, బావకి నా దండాలు.

బావని వేడి నీళ్లు పుక్కిలించమను. చలిగాలిలో తిరగవద్దను.

చెల్లి


షెడ్డు పక్క గది
సెప్టెంబర్

చిన్నీ,

గ్రాఫు చూశాను. పై గీత, కింది గీత తెలిశాయి.

క్రేట్లు పంపుతున్నాను. ఇప్పుడు నేనే కోస్తున్నాను, కాబట్టి ఒకటీ అరా కాడ పొడుగ్గా ఉంటే సర్దుకో. మీ బావ వాళ్లన్నయ్య ఇంట్లో ఉన్నారు కొన్నాళ్లుగా. అక్కడేదో పని పడింది. నువ్వు ఫోన్ చేసినప్పుడు లేకపోవడానికి కారణం అదే. సిగ్నల్ ఉండదు అక్కడ. నువ్వు చేయకు, ఆయనే చేస్తారు.

కమిటీ ఏ రోజు వస్తుందో ఖాయమైందా? తేదీ రాయి. ఎప్పుడు అయిపోతుందో తెలిస్తే నేను ఇక్కడ సర్దుకుంటాను.

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టాను. మధ్యలో లేవాల్సి వస్తోంది. లేచి ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చుంటున్నాను.

అక్క


ల్యాబ్, మూడో అంతస్తు
సెప్టెంబర్ చివర

అక్కా,

ఈ ఖాళీ క్రేట్లో ఒక పెట్టె ఉంది. ముందు అది తీయి. మాస్కులు. గుడ్డవి కావు, ముందు వైపు గుండ్రటి డబ్బాలాంటిది ఉన్నవి. అవి పెట్టుకోకుండా షెడ్డులో అడుగు పెట్టకు. బావని అసలు లోపలికి వెళ్లనివ్వకు.

ఎందుకో చెబుతాను. కమిటీ వచ్చేముందు భద్రతాధికారి అన్ని గదులూ తనిఖీ చేస్తాడు. నిన్న మా ఎండబెట్టే గదిలో చిన్న పంపు పెట్టి గాలి పీల్పించాడు. లోపలి వడపోత కాగితం తీసి చూసి, "ఇక్కడ ఎవరు పనిచేస్తారు?" అన్నాడు. "నేనే" అన్నాను. "ఎప్పటి నుంచి?" చెప్పాను. "ఆయాసం, సాయంత్రం జ్వరం వస్తున్నాయా?" అన్నాడు. లేవన్నాను. "అయితే నీ అదృష్టం. ఈ విత్తనాల పొడి కొందరి ఊపిరితిత్తులకి పడదు. పెంచే షెడ్లలో ఎక్కువ. పొద్దున పీలిస్తే సాయంత్రం జ్వరం, సెలవు పెడితే తగ్గుతుంది. జలుబనుకుని తిరుగుతారు" అన్నాడు. ఆ మధ్యాహ్నమే గదికి తాళం వేసి, అందరికీ మాస్కులు పంచారు.

మేం వారానికోసారి క్రేట్లు విప్పేవాళ్లం. మాకే తాళం వేశారు.

సాయంత్రం జ్వరం అని నువ్వు రాశావు. వాళ్లన్నయ్య ఇంట్లో తగ్గిందని కూడా రాశావు. నేను దానికి వేడి నీళ్లు పుక్కిలించమన్నాను. అక్కా, బావ ఎక్కడ ఉన్నారు? వాళ్లన్నయ్య ఇంటి నంబరు నా దగ్గర ఉంది. సిగ్నల్ బాగానే ఉంది. బావ అక్కడ లేరు.

చెల్లి


ఆసుపత్రి, రెండో అంతస్తు వరండా
అక్టోబర్

చిన్నీ,

మాస్కుల పెట్టె అందింది. ఇలాంటివే డాక్టర్ మాకు ఆగస్టులోనే ఇచ్చాడు.

సగంవి సరిపోవా అని నేను నిన్ను అడిగిన వారమే తీసుకెళ్లాను మీ బావని. డాక్టర్ ఛాతీ ఫోటో తీసి, దీపం ముందు పెట్టి చూపించాడు. ఊపిరితిత్తుల నిండా మసక. "ఏం పని?" అన్నాడు. చెప్పాం. "ఇకనుంచి లోపలికి వెళ్లకండి" అన్నాడు. తప్పనిసరైతే పెట్టుకోమని మాస్కులు ఇచ్చాడు. మీ బావ సరేనన్నారు. మెట్లు దిగుతూనే, "కమిటీ అయ్యేదాకా వెళ్తాను, తర్వాత మానేస్తాను. చిన్నదానికి చెప్పావో చూడు" అన్నారు. "చెబితే అది క్రేట్లు ఆపేయమంటుంది. దాని ఉద్యోగం పోతుంది." నేను ఒప్పుకున్నాను. మంచితనంతో కాదు, ఆ మాట కూడా రాస్తున్నాను. దుకాణాల వాళ్లు అప్పటికే వేరే షెడ్లు చూసుకున్నారు. మీరు తప్ప మాకు కొనేవాళ్లు లేరు.

మాస్కు పెట్టుకునే వెళ్లేవారు. కళ్లజోడు మసకబారుతోందని ముక్కు కిందికి లాగేవారు. నేను తిట్టేదాన్ని, పైకి లాగేవారు. నేను అటు తిరిగితే మళ్లీ కిందికి. ఒకరోజు అర పట్టుకుని కూర్చుండిపోయారు. అప్పటి నుంచి ఇక్కడే. ముక్కుకి గొట్టం ఉంది. నాలుగు మాటలు మాట్లాడి ఆగుతారు. స్పీకర్ పెట్టి ఊరంతా వినేలా మాట్లాడిన మనిషి.

డాక్టర్ అంటాడు, వాపు తగ్గుతుంది, గట్టిపడిన భాగం మాత్రం మళ్లీ మెత్తబడదని. ఎంత గట్టిపడిందో తెలియడానికి నెలలు పడుతుందట.

నీ మీద నాకు కోపం ఉంది. నీకు తెలియదు, ఒప్పుకుంటాను. కానీ నేను అడిగాను. పొడి రాలకముందువి పంపనా అని అడిగాను. నువ్వు గ్రాఫు పంపావు. తెలియకపోవడానికీ చూడకపోవడానికీ ఎంతో కొంత తేడా ఉంటుంది. నా మీద నాకు ఉన్న కోపం దీనికంటే పెద్దది. దాన్ని నేను చూసుకుంటాను.

ఈ క్రేట్లలో ఉన్నవి పూర్తిగా విచ్చుకున్నవి. ఆయన్ని ఇక్కడికి తెచ్చే ముందురోజు ఆయన కోస్తే నీడన ఎండబెట్టి దాచినవీ, తర్వాత నేను కోసినవీ. మీ కమిటీకి సరిపోతాయి. పారేయడానికి మనసు రాలేదు, ఆయన కోసిన చివరివి కదా. ఇక ఒక్కటి కూడా రాదు. ఫ్యాన్ వేశాను, గోనె సంచులు పీకేశాను. అవి పెరిగే పొట్టు దిమ్మలన్నీ తీసి మట్టిలో కప్పించాను.

ఇప్పుడే రాకు. మీ బావ నిన్ను చూస్తే మాట్లాడాలనుకుంటారు. మాట్లాడకూడదు.

అక్క


ల్యాబ్, మూడో అంతస్తు
నవంబర్

అక్కా,

క్రేట్లు లేవు కాబట్టి పోస్టులో వేస్తున్నాను. నీ కోపానికి నేను జవాబు రాయను. రాసినవన్నీ చింపేశాను. నువ్వు రాసింది సరిగ్గా ఉంది. జరిగింది చెబుతాను.

కమిటీ వచ్చింది. బావ కోసినవే పెట్టాను. అన్నీ సరిగ్గా గుర్తుపెట్టుకున్నాయి. వాళ్లలో ఒకాయన మూడుసార్లు అడిగాడు, మూడుసార్లూ తప్పు లేదు. చప్పట్లు కొట్టారు.

ఆ తర్వాత పెద్ద బల్ల దగ్గర కూర్చోబెట్టి, పని కొనసాగిస్తామన్నారు. పెంచుతామన్నారు. "ఒక షెడ్డు మీద ఆధారపడకూడదు. చాలా షెడ్లతో మాట్లాడండి. అందరికీ ఒకే సూచన పంపండి, పూర్తిగా విచ్చుకున్నవే కావాలని" అన్నారు. మేడం నా వైపు తిరిగి, "సూచన నువ్వు రాయి. నీకు అలవాటే" అన్నారు.

నేను రాయనన్నాను.

మేడం నవ్వారు, నేను అలసిపోయి ఉన్నాననుకుని. అప్పుడు చెప్పాను. ఫ్యాన్ సంగతి, పొడి సంగతి. "మా బావ ఆసుపత్రిలో ఉన్నారు. అక్కడికి ఆయన్ని పంపింది మన సూచనే. ఇంకో షెడ్డు అంటే ఇంకో బావ" అన్నాను. మాస్కులు ఇద్దామన్నారు ఒకాయన. ఇచ్చినవి ఏమయ్యాయో చెప్పాను. మన ఎండబెట్టే గదికి మనం తాళం వేసుకున్నాం, వాళ్లు ఇంటి పక్క షెడ్డుకి ఎలా వేసుకుంటారని అడిగాను. గొంతు పెంచలేదు. పెంచితే ఏడుస్తానని తెలుసు.

మేడం కళ్లద్దాలు తుడుచుకుంటూ, "విచ్చుకోనివాటితో చేసి చూపించగలవా?" అన్నారు. తెలియదన్నాను. నిజంగానే తెలియదు. అది కుదరకపోతే విచ్చుకున్నవే గాజు పెట్టెలో, గాలి బయటికి రాకుండా, మా దగ్గరే పెంచి చూడాలి. దానికి ఎంతకాలం పడుతుందో, అవుతుందో కాదో. సూచన ఎవరికీ పంపకుండా ప్రస్తుతానికి ఆపారు. నన్ను ఉంచాలా వద్దా అన్నది మాత్రం ఇంకా చెప్పలేదు. మేడం నాతో అవసరానికి మించి మాట్లాడటం లేదు. వైరింగ్ చేసే ఆవిడ మాత్రం టీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, ఏమీ అడగకుండా వెళ్లిపోతోంది.

ఇవాళ విచ్చుకోనివి దుకాణంలో కొని తెచ్చి తీగలు గుచ్చాను. మధ్యాహ్నానికే అన్నీ మర్చిపోయాయి. రేపు మళ్లీ గుచ్చుతాను.

బావ ఎలా ఉన్నారో ఒక్క ముక్క రాయి. కోపంగానే రాయి.

చెల్లి


ఇల్లు
నవంబర్ చివర

చిన్నీ,

ఇంటికి తెచ్చాం. గొట్టం పగలు తీసేస్తున్నారు. మంచం నుంచి కిటికీ దాకా నడుస్తారు, కాసేపు నిలబడతారు, తిరిగి వచ్చి కూర్చుంటారు. షెడ్డు వైపు చూడనంటూనే చూస్తారు. గట్టిపడిన భాగం అలాగే ఉంటుందని డాక్టర్ ఖాయంగా చెప్పేశాడు. మెట్లు ఎక్కే పని ఇక లేనట్టే.

షెడ్డు ఏం చేయాలో తేలలేదు. మీ బావ ఒకటంటారు, నేను ఒకటంటాను. వాదించుకోవడానికి ఆయనకి ఊపిరి చాలదు, నాకు గెలవాలని ఉండదు. అందుకని అలా నడుస్తోంది.

నీ ఉత్తరం ఆయనకి చూపించకూడదనుకున్నాను. పోస్టుమాన్ ఆయన చేతికే ఇచ్చాడు. కిటికీ దగ్గర నిలబడి పైకి చదవడం మొదలుపెట్టారు, నేను వద్దంటున్నా వినకుండా. వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకుంటూ, కమిటీ దాకా వచ్చారు. చప్పట్లు దాటారు. "ఇంకో షెడ్డు అంటే" దగ్గర ఆగిపోయారు.

ఆయాసమేమోనని లేచాను. చెయ్యి అడ్డం పెట్టి నన్ను ఆపి, ఆ వాక్యం మొదటి నుంచి మళ్లీ చదివారు.

అక్క